బ్రేకుతో కారు తిప్పే విద్య: న్యూ హాంప్‌షైర్ అడవిలో ర్యాలీ బడి

సోమవారం

మా మరిదికి వెర్మాంట్‌లోని బర్లింగ్‌టన్‌లో ఉద్యోగం వచ్చింది. నవంబరులో చేరాలి. లోవెల్‌లో ఎమ్మెస్ చేసినన్నాళ్లూ బస్సుల్లోనూ స్నేహితుల కార్లలోనూ తిరిగాడు తప్ప, మంచు మీద స్టీరింగ్ పట్టుకున్నవాడు కాదు. బర్లింగ్‌టన్‌లో చలికాలం నవంబరులో మొదలైతే ఏప్రిల్ దాకా వదలదు. కారు కొనకముందే, ఆ కారు జారితే ఏం చెయ్యాలో అతనికి నేర్పించాలని పట్టుబట్టాను. అతనితో పాటు నేనూ నేర్చుకుంటానన్నాను. వారం పాటు పిల్లల్ని చూసుకునే పని మా ఆయన తీసుకున్నారు.

నా పట్టుదలకి కారణం ఉంది. పోయిన చలికాలం మా నాషువాలోనే, మాకు బాగా తెలిసిన ఒకావిడ కారు వంతెన మీద గిర్రున తిరిగి రెయిలింగ్‌కి కొట్టుకుంది. ఆవిడ ఏళ్ల తరబడి జాగ్రత్తగా నడుపుతున్న మనిషి. ఆ రోజు కూడా వేగంగా వెళ్లలేదు. దెబ్బలు తగల్లేదు గానీ, ఆ తర్వాత నెలల పాటు స్టీరింగ్ ముట్టుకోలేదు. జారుతున్న కారుని ఎలా పట్టుకోవాలో ఆవిడకి ఎవరూ చెప్పలేదు. మనలో ఎవరికి చెప్పారు గనక? మన దగ్గర ఎనిమిది అంకె వేయిస్తారు, ఇక్కడ నాలుగు వీధులు తిప్పిస్తారు, లైసెన్సు చేతిలో పెడతారు. కారుని కదిలించడం వచ్చని ఆ కార్డు చెబుతుంది. కదిలిన కారు మన మాట విననప్పుడు ఏం చెయ్యాలో ఆ పరీక్షలో ఎక్కడా లేదు.

అందుకే డాల్టన్ బయల్దేరాం. న్యూ హాంప్‌షైర్ ఉత్తరాన, వైట్ మౌంటెన్స్ దాటాక వచ్చే చిన్న ఊరు అది. అక్కడ టీమ్ ఓ'నీల్ ర్యాలీ స్కూల్ ఉంది. ర్యాలీ అంటే ఊరేగింపు కాదు, మట్టీ కంకరా మంచూ ఉన్న దారుల్లో సాగే కారు పందెం. అమెరికా ర్యాలీ ఛాంపియన్‌షిప్‌లు గెలిచిన టిమ్ ఓ'నీల్ 1997లో పెట్టిన బడి. ఐదు వందల ఎకరాలకు పైగా అడవి, అందులో మైళ్ల కొద్దీ మట్టి రోడ్లు, కంకర రోడ్లు. కార్లతో విన్యాసాలు చేసే వీడియోలతో ప్రపంచమంతా పేరు తెచ్చుకున్న కెన్ బ్లాక్ కూడా ర్యాలీల్లోకి దిగే రోజుల్లో ఇక్కడే నేర్చుకున్నాడు. ఆయన 2023 జనవరిలో స్నోమొబైల్ ప్రమాదంలో పోయాడు. మా మరిది ఆ వీడియోలు చూస్తూ పెరిగిన తరం. నేను మంచు గురించి చెబుతుంటే అతను కెన్ బ్లాక్ గురించి చెబుతున్నాడు. ఎవరి కారణం వాళ్లకున్నా దారి ఒకటే.

కొలంబస్ డే సెలవు. ఆకుల రంగులు చూడడానికి వచ్చినవాళ్లంతా దక్షిణానికి తిరిగిపోతుంటే మేం ఐ-93 మీద ఎదురు దిక్కున ఖాళీగా పోయాం. కాంకర్డ్, ప్లిమత్ దాటి లింకన్ వచ్చేసరికి రెండు వైపులా కొండలు దగ్గరపడ్డాయి. ఫ్రాంకోనియా నాచ్ దగ్గర ఇంటర్‌స్టేట్ అంతటిదీ అటొక వరస, ఇటొక వరసగా సన్నబడిపోతుంది. వేగం గంటకు 45 మైళ్లు. కొండని తొలిచి రోడ్డు వెడల్పు చెయ్యకూడదని జనం పట్టుబడితే అలా మిగిలింది. ఈ కనుమలోనే మనిషి ముఖంలా కనిపించే రాతి బండలుండేవి. ఓల్డ్ మ్యాన్ ఆఫ్ ది మౌంటెన్ అనేవారు. 2003 మే 3న కూలిపోయాయి. రాష్ట్ర రహదారి గుర్తుల మీద ఆ ముఖం ఇప్పటికీ ఉంది. అక్కడి నుంచి మూస్ (జింక జాతిలో పెద్ద జంతువు) బోర్డులు మొదలవుతాయి, మూస్ కనిపిస్తే బ్రేకు వెయ్యండి, ప్రాణాలు దక్కుతాయి అని. "బ్రేకు ఎలా వెయ్యాలో రేపు చెబుతారులే వదినా" అన్నాడు మరిది.

లిటిల్‌టన్‌లో మోటెల్. ఇడ్లీలకి నెయ్యీ కారప్పొడీ పట్టించి తెచ్చాను. అవి తిని తొందరగా పడుకున్నాం.

మంగళవారం

పొద్దున నేల మీద తెల్లగా నూగు మంచు. బడి అంటే హంగులేమీ లేవు. వర్క్‌షాపు, ఒక తరగతి గది, బయట వరసగా ఫోర్డ్ ఫియస్టాలు. తలుపుల మీద సొట్టలు, చక్రాల పైన ఎండిన బురద. ముందు చక్రాలతో నడిచే మామూలు చిన్న కార్లు, మాన్యువల్ గేర్లు. మాతో ఉన్న అమెరికన్ కుర్రాళ్లిద్దరికి క్లచ్ కొత్త. మారుతి 800 మీద నేర్చుకున్న మాకు అది కొత్త కాదు గానీ, గేరు కుడి చేత్తో వెయ్యడం మాత్రం కాసేపు చేతికి అందలేదు.

తరగతి గదిలో మొదటి పాఠం కూర్చోవడం గురించి. భుజాలు సీటుకి ఆనించి చెయ్యి చాపితే మణికట్టు స్టీరింగ్ పైఅంచు మీద పడాలి. క్లచ్ పూర్తిగా తొక్కినా మోకాలు కొంచెం వంగే ఉండాలి. చేతులు గడియారంలో తొమ్మిది, మూడు ఉండే చోట. మనవాళ్లు చాలామంది సీటు వెనక్కి వాల్చి, ఒక చెయ్యి కిటికీ మీద పెట్టి నడుపుతారు. కారు నడుము జారడం మొదలుపెట్టినప్పుడు ఆ కబురు మన నడుముకే ముందు తెలుస్తుంది. సీటుకి అంటిపెట్టుకుని లేనివాడికి అది అందదు.

రెండో పాఠం పట్టు గురించి. కారుకీ భూమికీ మధ్య ఉన్నది నాలుగు అరచేతులంత రబ్బరు. ఆ రబ్బరు పట్టు జేబులో ఉన్న వంద రూపాయల్లాంటిది. బ్రేకుకి ఎనభై ఖర్చు పెడితే మలుపుకి ఇరవై మిగులుతుంది. నూరూ బ్రేకుకే పెట్టేస్తే స్టీరింగ్ ఎంత తిప్పినా కారు తిన్నగానే పోతుంది. మంచు మీదైతే ఆ వంద కాస్తా పది, పదిహేను అయిపోతుంది. పైగా ఈ పట్టు అన్ని చక్రాలకీ ఒకేలా ఉండదు. బ్రేకు వేస్తే కారు బరువు ముందుకి ఒరుగుతుంది, ముందు చక్రాలు నేలని గట్టిగా అదుముతాయి, వెనుకవి తేలికవుతాయి. గ్యాస్, అంటే యాక్సిలరేటర్, ఇస్తే దీనికి ఎదురు. బరువు ఎటు పోతోందో తెలిస్తే కారు ఎటు పోతుందో తెలుస్తుంది. తర్వాత మేం చేసినవన్నీ ఈ ఒక్క మాటకి అభ్యాసాలే.

స్కిడ్‌ప్యాడ్ అంటే విశాలమైన మట్టి మైదానం, మధ్యలో కోన్ల వృత్తం. హెల్మెట్ పెట్టుకుని, ఇన్‌స్ట్రక్టర్ పక్కన కూర్చుంటే, రెండో గేరులో ఆ వృత్తం చుట్టూ తిరగాలి. కొంచెం కొంచెంగా వేగం పెంచమంటారు. ఒక చోట స్టీరింగ్ చేతిలో తేలికైపోతుంది. ముక్కు బయటికి పోతుంది. అదే అండర్‌స్టీర్, ముందు చక్రాలు జారడం. అప్పుడు చేతులకి పుట్టే కోరిక ఇంకా తిప్పెయ్యాలని. తిప్పితే ఇంకా జారుతుంది. "తగ్గించు, తగ్గించు" అంటాడాయన. గ్యాస్ కొద్దిగా వదిలి, స్టీరింగ్‌ని రవ్వంత వెనక్కి తిప్పితే, చక్రాల కింద కంకర కరకరమని మళ్లీ పలుకుతుంది. పట్టు దొరికిందని ఆ చప్పుడే చెబుతుంది. దాన్ని చెవితో గుర్తుపట్టేదాకా మళ్లీ మళ్లీ తిప్పించారు.

ఆ తర్వాత ఎడమ కాలి బ్రేకు. నాలుగు చక్రాల బండి నేర్చుకున్న తెలుగువాడి ఎడమ కాలికి ఒక్కటే తెలుసు: క్లచ్‌ని అడుగు దాకా తొక్కడం. ఆ కాలిని తీసుకెళ్లి బ్రేకు మీద పెడితే అదే చేస్తుంది. మా మరిది తొక్కగానే నలుగురం కూర్చున్న కారు నిలువునా ఆగి, హెల్మెట్లు ముందుకి ఊగాయి. ఇన్‌స్ట్రక్టర్ నవ్వలేదు, విసుక్కోలేదు. మడమ నేలకి ఆనించి, వేళ్లతో మాత్రమే నొక్కమన్నాడు. కారుని తిన్నగా నడిపిస్తూ, కుడి కాలు గ్యాస్ మీంచి తియ్యకుండా, ఎడమ వేళ్లతో ఒత్తు, వదులు, ఒత్తు, వదులు. గంట గడిచేసరికి షూ లోపల వేళ్లు నొప్పులు పుట్టాయి గానీ, బ్రేకు పెడలు కింద ఎంత ఒత్తిడి ఉందో కాలికి తెలియడం మొదలైంది. పలచని అడుగున్న బూట్లు తెచ్చుకోమని ముందే ఎందుకు చెప్పారో అప్పుడు అర్థమైంది.

రెండు పెడళ్లూ ఒకేసారి ఎందుకు? ముందు చక్రాలకి ఇంజను బలం అందుతూనే ఉంటుంది కాబట్టి బ్రేకు వేసినా అవి తిరుగుతూనే ఉంటాయి. వెనుక చక్రాలకి ఆ ఆసరా లేదు. అవి మందగించి పట్టు వదులుతాయి. బరువేమో ముందుకి వచ్చింది. ముక్కు లోపలికి కుదురుకుంటుంది, తోక బయటికి జరుగుతుంది. స్టీరింగ్ ఒక్క అంగుళం ఎక్కువ తిప్పకుండానే కారు మలుపులోకి తిరిగింది! స్కిడ్‌ప్యాడ్ మీద అది మొదటిసారి నా చేతిలో జరిగినప్పుడు గట్టిగా అరిచాను. పిల్లలు పుట్టాక అంత సంతోషంగా అరిచిన సందర్భం ఇంకోటి గుర్తులేదు.

మధ్యాహ్నం తిన్నగా వెళ్లి ఆగడం చేయించారు. కార్లలో ఏబీఎస్ (చక్రం బిగిసిపోకుండా బ్రేకుని దడదడా వదిలి పట్టే ఏర్పాటు) పనిచెయ్యకుండా తీసేశారు. తారు రోడ్డు మీద ఏబీఎస్ మేలు చేస్తుంది, ఆగుతూ కూడా తిప్పుకోనిస్తుంది. కంకర మీద మాత్రం చక్రం బిగిసిపోతే దాని ముందు రాళ్లు కుప్పపడి కారుని ఆపుతాయి. ఏబీఎస్ ఆ కుప్ప పడనివ్వదు, అందుకే ఇంకొంచెం దూరం పోతుంది. లోతైన మెత్తని మంచులోనూ అంతే. ఈ సంగతి మంచు ప్రాంతాలకి వచ్చే ప్రతివాళ్లకీ తెలియాలి. పెడలు కింద ఆ దడదడ వినగానే కారు పాడైందనుకుని కాలు తీసేసేవాళ్లని చూశాను. కాలు తియ్యకూడదు. ముందు వెళ్లే బండికి ఇంకా దూరంగా ఉండాలి.

బుధవారం

నిన్నటి పాఠం ఈ రోజు వరస కోన్ల మధ్య. కుడికి, ఎడమకి, కుడికి. ప్రతి కోను దగ్గరా గ్యాస్ సడలించు, తిప్పు, ఎడమ కాలితో ఒత్తు, తోక కదలగానే వదిలి మళ్లీ గ్యాస్. రేడియోలో ఇన్‌స్ట్రక్టర్ గొంతు: "ఇంకా ముందే మొదలుపెట్టు." మనం కోను దగ్గరికొచ్చాక తిప్పుతాం. కారు తిరగడానికి దానికంటూ కొంత సమయం కావాలి. కోను ఇంకా చాలా దూరంలో ఉండగానే పని మొదలుపెట్టాలి. అది నమ్మకం కుదిరితే గానీ కాలూ చెయ్యీ ఒప్పుకోవు.

ఎడమ కాలి బ్రేకు స్కాండినేవియా వాళ్ల విద్య. మంచు మీదా, అడవి దారుల్లోనూ ముందు చక్రాల కార్లు నడిపి నడిపి సాధించింది. స్వీడన్‌కి చెందిన ఎరిక్ కార్ల్‌సన్ సాబ్ కంపెనీ చిన్న కారుతో బ్రిటన్‌లో ఆర్ఏసీ ర్యాలీని 1960, 61, 62లో వరసగా గెలిచాడు. 1962, 63లో మాంటెకార్లో ర్యాలీ కూడా ఆయనదే. ఆ కారుకి ఉన్నది చిన్న టూ-స్ట్రోక్ ఇంజను. గ్యాస్ వదిలితే దాని ఊపు పడిపోయేది, మళ్లీ పుంజుకోవడానికి టైం పట్టేది. అందుకని కుడి కాలు తియ్యకుండా ఎడమ కాలితో కారుని సరిదిద్దుకునేవారు. బలం లేని ఇంజను నేర్పిన పాఠం ఇంత పెద్ద విద్య అయింది. బలమైన కార్లకే ఇలాంటివి సాధ్యమని అనుకునేవాళ్లకి ఈ కథ చెప్పాలనిపిస్తుంది.

మధ్యాహ్నం నుంచి పెండ్యులమ్ టర్న్. స్కాండినేవియన్ ఫ్లిక్ అని కూడా అంటారు. కుడికి తిరగాల్సిన మలుపు వస్తోందనుకోండి. ముందు ఎడమకి తిప్పుతారు, మలుపుకి వ్యతిరేకంగా. బరువు కుడి వైపుకి ఒరుగుతుంది. ఆ ఒరుగు తిరిగి వచ్చే క్షణంలో గ్యాస్ వదిలి, కుడికి తిప్పి, ఎడమ కాలితో ఒత్తుతారు. తిరిగొచ్చే బరువంతా తోకని బయటికి విసురుతుంది. మలుపు ఇంకా రాకముందే కారు మలుపు చివర వైపు చూస్తూ అడ్డంగా జారుతుంది. అక్కడ గ్యాస్ ఇస్తే ముందు చక్రాలు దాన్ని లాక్కుపోతాయి.

చదువుతుంటే ఇదంతా మూడు వాక్యాలు. చెయ్యడానికి అడ్డొచ్చేది కాళ్లూ చేతులూ కాదు, కళ్లు. మలుపు బయట ఒక పెద్ద మేపుల్ చెట్టుంది, ఎర్రగా మండిపోతోంది. దాన్ని చూస్తే కారు దాని వైపే పోతుంది. చేతులు కంటి వెంట పోతాయి కాబట్టి. ఇన్‌స్ట్రక్టర్ తన చెయ్యి నా హెల్మెట్ పక్కన పెట్టి తలని మెల్లగా కుడి కిటికీ వైపు తిప్పాడు. ఎదురద్దంలోంచి కాదు, పక్క కిటికీలోంచి చూడాలి, మలుపు తర్వాత రోడ్డు ఎక్కడ మొదలవుతుందో అక్కడ. అలా చూస్తూ చేశాను. చేతులు వాటంతట అవే సరిపడా తిరిగాయి. కారు నెమ్మదిగా, ఒద్దికగా అడ్డం తిరిగి, మలుపు లోపలి అంచుని ఒరుసుకుంటూ బయటపడింది. లోపల కూర్చున్నవాళ్లకి కుదుపు కూడా లేదు. బాగా చేసిన పెండ్యులమ్‌లో హడావిడి ఉండదు. బయట దుమ్ము లేస్తుంది, లోపల అంతా తాపీగా జరుగుతుంది. ఇది నేను ఊహించలేదు.

మా మరిదికి ఇది నాకంటే ముందే పట్టుబడింది. "వదినా, చెట్టుని మర్చిపోండి, రోడ్డుని అడగండి" అంటూ వెనుక సీట్లోంచి పాఠాలు మొదలుపెట్టాడు. చెప్పనిచ్చాను. చెప్పేటప్పుడే మనిషికి పాఠం గట్టిపడుతుంది.

మంచు మీద ప్రమాదాల్లో కూడా ఈ కంటి సంగతే అన్నిటికంటే ముఖ్యమని నా నమ్మకం. వంతెన మీద కారు తిరిగిన ఆవిడ నాతో అన్నమాట "రెయిలింగే కనిపించింది, ఇంకేం కనిపించలేదు" అని. ఆ మాట నాకు అప్పుడు భయంగా మాత్రమే వినిపించింది. ఇప్పుడు అందులో కారణం కూడా కనిపిస్తోంది. ఖాళీగా ఉన్న రోడ్డు వైపు తల తిప్పడం ఎవరైనా నేర్చుకోవచ్చు, ర్యాలీ కారు అక్కర్లేదు.

గురువారం

రాత్రంతా వాన. మైదానం బురదై, జారడానికి ఇంకా అనువైంది. ఈ రోజు వెనుక చక్రాలతో నడిచే పాత బీఎండబ్ల్యూలు. నిన్నటిదాకా నేర్చుకున్న ఒక పని ఇందులో తలకిందులవుతుంది. ఫియస్టా తోక జారితే గ్యాస్ ఇచ్చి ముందుకి లాగించుకోవాలి. గాభరాపడి గ్యాస్ పూర్తిగా వదిలేస్తే బరువు ముందుకి పడి తోక ఇంకా పోతుంది. వెనుక చక్రాల కారులో గ్యాస్ ఎక్కువ ఇస్తే ఆ చక్రాలే గిర్రున తిరిగి తోకని మరీ తోసేస్తాయి. కారు జారే దిక్కుకి స్టీరింగ్ తిప్పి, గ్యాస్‌ని కొద్దిగా, ఒక ధాన్యపు గింజంత సడలించాలి. తమ ఇంట్లో కారు ఏ చక్రాలతో నడుస్తుందో చాలామందికి తెలియదు. తెలుసుకోవాల్సిన మొదటి సంగతి అదే.

వృత్తం చుట్టూ తోక బయటపెట్టి ఆగకుండా జారుతూ తిరగడం చేయించారు. సినిమాల్లో డ్రిఫ్టింగ్ అని చూపించేది ఇదే. చూడ్డానికి స్టీరింగ్‌తో చేసే పనిలా ఉంటుంది. నిజానికి కోణాన్ని నిలబెట్టేది కుడి కాలు. అది ఎంత సున్నితంగా ఉంటే కారు అంత నిలకడగా జారుతుంది.

తర్వాత హ్యాండ్‌బ్రేక్ టర్న్. కోన్లతో కట్టిన హెయిర్‌పిన్, అంటే వచ్చిన దిక్కుకే తిప్పే మలుపు. గంటకు పాతిక మైళ్ల దగ్గర వచ్చి, తిప్పడం మొదలుపెట్టి, క్లచ్ తొక్కి, హ్యాండ్‌బ్రేక్ బొత్తాన్ని బొటనవేలితో నొక్కే ఉంచి ఒక్క లాగు లాగి వదిలెయ్యాలి. బొత్తాన్ని వదిలితే లివరు పైనే పట్టేసుకుంటుంది, కారు తిరగడం ఆపదు. లాగిన క్షణంలో వెనుక చక్రాలు బిగిసి తోక తిరుగుతుంది. సగం తిరిగేసరికి బ్రేకు కింద ఉండాలి, క్లచ్ పైకి రావాలి, కళ్లు బయటికి వెళ్లే దారిలో ఉండాలి. సినిమా స్టంట్ డ్రైవర్లు దీన్నే కెమెరా ముందు గీసిన గుర్తు మీద ఆగేలా చేస్తారు. పది అడుగుల అవతల కెమెరామన్ నిలబడి ఉంటాడు. మన తెలుగు సినిమాల్లో ఛేజింగులు చూసి ఈలలు వేసిన నేను, ఆ కారు లోపలున్న మనిషి ఎంత సాధన చేసి ఉంటాడో ఎప్పుడూ ఆలోచించలేదు. ఆ డ్రైవరు పేరు తెర మీద పెద్దగా వెయ్యాలి.

చివర్లో మమ్మల్ని ఒక్కొక్కళ్లనీ పక్కన కూర్చోబెట్టుకుని ఇన్‌స్ట్రక్టర్ జె-టర్న్ చేసి చూపించాడు. వీఐపీల డ్రైవర్లకి నేర్పే విద్య ఇది, దారి మూసేస్తే వెనక్కొచ్చి తప్పించుకోవడానికి. కారు వెనక్కి వేగంగా పోతుంది, ఇంజను కేక పెడుతుంది. ఆయన గ్యాస్ వదిలి స్టీరింగ్‌ని ఒక్క విసురు విసిరాడు. వెనక్కి వెళ్లేటప్పుడు తిరిగే చక్రాలు వెనుకబడి ఉంటాయి కాబట్టి కారు ముక్కు చటుక్కున చుట్టూ తిరిగొస్తుంది. తిరుగుతుండగానే క్లచ్, మొదటి గేరు. ముక్కు ముందుకి వచ్చేసరికి కారు అదే దిక్కున ముందుకి పోతోంది. మొత్తం ఒక ఊపిరిలో అయిపోయింది. మా మరిది దిగి "ఇంకోసారి" అన్నాడు. ఆయన సరేనన్నాడు.

వెళ్లేముందు ఆయన్ని ఒక మాట అడిగాను, మా ఇంటి కారులో ఎడమ కాలి బ్రేకు వాడొచ్చా అని. వద్దన్నాడు. ఈ కాలపు కార్లు చాలావాటిల్లో బ్రేకు తొక్కితే గ్యాస్ దానంతటదే తెగిపోతుంది. 2012 మోడళ్ల నుంచి అమెరికాలో అమ్మే ప్రతి కారులోనూ స్టెబిలిటీ కంట్రోల్ తప్పనిసరి. జారుతున్న చక్రాన్ని కనిపెట్టి అదే బ్రేకు వేస్తుంది. దాన్ని ఆపెయ్యకూడదు, దాంతో పోట్లాడకూడదు. కానీ అది లేని పట్టుని పుట్టించలేదు. రోడ్డు మీదికి తీసుకెళ్లాల్సినవి వేరు: ముందు చూపు, ముందే తగ్గించిన వేగం, తిప్పడమూ బ్రేకూ ఒకేసారి మొరటుగా వెయ్యకపోవడం, ఎటు చూడాలో ముందే అలవాటు చేసుకున్న కళ్లు.

మన దేశంలో ఇలాంటివి నేర్చుకోవాలంటే చెన్నై దగ్గర ఇరుంగట్టుకోట్టై ట్రాకూ, కోయంబత్తూరు దగ్గర కరి మోటార్ స్పీడ్‌వే ఉన్నాయి. ఢిల్లీకి చెందిన ర్యాలీ డ్రైవరు గౌరవ్ గిల్‌కి 2019లో అర్జున అవార్డు ఇచ్చారు, కారు పందేల వాళ్లకి అది మొదటిది. మన రెండు రాష్ట్రాల్లో ఇన్ని ఘాట్ రోడ్లున్నాయి, ఇంత మంది డ్రైవర్లున్నారు. ఒక్క స్కిడ్‌ప్యాడ్ అయినా అందరికీ అందుబాటులో ఉండాలని గట్టిగా కోరుకుంటున్నాను, ముఖ్యంగా బస్సూ లారీ నడిపేవాళ్ల కోసం.

శుక్రవారం

ఇంటికి పోయే ముందు మౌంట్ వాషింగ్టన్ ఆటో రోడ్. పింకమ్ నాచ్ నుంచి 6,288 అడుగుల శిఖరం దాకా 7.6 మైళ్ల దారి, 1861లో గుర్రపు బళ్ల కోసం తెరిచారు. 1899లో ఫ్రీలన్ స్టాన్లీ, ఆయన భార్య ఫ్లోరా ఆవిరి కారులో రెండు గంటలకి కాస్త పైగా ప్రయాణం చేసి మొదటిసారి మోటారు బండిని పైకి చేర్చారు. 2021 కొండ పందెంలో ర్యాలీ డ్రైవరు ట్రావిస్ పాస్ట్రానా సుబారు కారులో 5 నిమిషాల 28.67 సెకన్లలో ఎక్కేశాడు. మేం అరగంటకి పైగానే తీసుకున్నాం. చాలా చోట్ల అంచున గోడ లేదు. వాన వెలిసి గాలి శుభ్రంగా ఉంది, మరిది నడుపుతున్నాడు.

దిగడం అసలు పని. ఎక్కేచోట ఇచ్చే సూచనల్లో మొదటిది, మొదటి గేరులో దిగమని. ఇంజనే కారుని పట్టి ఉంచాలి, బ్రేకు అప్పుడప్పుడే. వదలకుండా తొక్కితే బ్రేకులు కాగి పట్టు పోతాయి. తిరుమల నుంచి 1944 నాటి మొదటి ఘాట్ రోడ్డు మీద దిగే డ్రైవర్లకి ఇది వెన్నతో పెట్టిన విద్య, మా నాన్నగారి టాక్సీ డ్రైవరు ప్రతి ఏడూ అలాగే దింపేవాడు. ఆటోమేటిక్ కార్లతో వచ్చినవాళ్లు పక్కన ఖాళీల్లో ఆపి, వాసన కొడుతున్న చక్రాలు చల్లారేదాకా నిలబడ్డారు. మా మరిది ఎక్కడా ఆగలేదు. ప్రతి మలుపుకీ ముందే, తిన్నగా ఉన్నచోటే వేగం తగ్గించి, తల పక్క కిటికీ వైపు తిప్పి చూస్తున్నాడు.

కింద కాఫీ దగ్గర కారు సంగతి మళ్లీ వచ్చింది. అతను మొన్నటిదాకా నాలుగు చక్రాలూ లాగే పెద్ద ఎస్‌యూవీయే కావాలన్నాడు, మంచు ప్రాంతం కాబట్టి. మనవాళ్లందరూ చెప్పేది అదే.

"వదినా, నాలుగు చక్రాలు లాగితే కదలడానికి పనికొస్తుంది. ఆగడానికీ తిరగడానికీ కాదు కదా?" అన్నాడు.

"కాదు. వాటికి టైరే దిక్కు."

ఏడు డిగ్రీల సెల్సియస్ కిందికి పోతే మామూలు టైరు రబ్బరు బిగుసుకుపోతుంది. చలికాలపు టైరు అప్పుడు కూడా మెత్తగా ఉంటుంది. రెండే కొని ముందు వేస్తే తోక జారుతుంది, నాలుగూ వెయ్యాలి. ముందు చక్రాలతో నడిచే చిన్న కారు, నాలుగు చలికాలపు టైర్లు వేరే రిమ్ములతో సహా కలిపినా ఎస్‌యూవీ కంటే చాలా తక్కువ అవుతుంది. కాగితం మీద లెక్క వేసుకున్నాడు. రిమ్ములు విడిగా ఉంటే ఏటా మార్చుకోవడం సులువని నేను కలిపాను. మొదటి మంచు పడ్డ శని, ఆదివారాల్లో నాషువా వస్తాడు. మా గుడి వెనుక ఖాళీ పార్కింగ్ స్థలంలో, కమిటీ అనుమతి అడిగి, కోన్లు పెట్టుకుని గంటకు పది మైళ్ల వేగంతో ఇద్దరం మళ్లీ మొదటి నుంచి చేస్తాం. వంతెన మీద కారు తిరిగిన ఆవిడకి అక్కణ్నుంచే ఫోన్ చేశాను. వస్తానంది.